అంతమ్మ చెప్పిన అంకె

ఏడాదిపాటు పరాయి దేశంలో చదువుకుని వచ్చిన పిల్ల ఇంటికి ఏం తెస్తుంది? చాక్లెట్లు తెస్తుంది, ఉన్ని టోపీ తెస్తుంది, నాలుగు నెలలకు గానీ అరగని గొప్పలు తెస్తుంది. మా వర్ణిక అవన్నీ తెచ్చింది. వాటితోపాటు ఎనిమిది మెడపట్టీలున్న ఒక పెట్టె కూడా తెచ్చింది. శంషాబాద్‌లో దిగగానే అధికారులు ఆ పెట్టె తెరిపించి ఇవేమిటని అడిగారట. "ఒకరి నొప్పి ఇంకొకరు పట్టుకునే పట్టీలు సార్" అని చెప్పిందట నా కూతురు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి చివరికి వదిలేశారు. బయట గంటన్నర నిలబడ్డ నాకు మాత్రం ప్రాణం పోయినంత పనైంది.

నా పేరు సరిత. నల్గొండ జిల్లా నామాలగూడెంలో ఆరోగ్య ఉపకేంద్రం నర్సును. సూర్యాపేట దిక్కు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను, తర్వాత ఉద్యోగమూ ఇక్కడే కుదిరింది. మా ఊళ్లో మనుషులు రెండు రకాలు. నల్లా నీళ్లు వచ్చాక పుట్టినవాళ్లు, అంతకుముందు పుట్టినవాళ్లు. ముందు పుట్టినవాళ్లు బోరు నీళ్లు తాగారు. ఆ నీళ్లలోని ఫ్లోరైడు వాళ్ల ఎముకల్లో చేరి అక్కడే కాపురం పెట్టింది. నల్లా పిల్లలు నిటారుగా పెరిగారు. బోరు పెద్దలు వంగిన నడుములతో, ముడుచుకున్న మోచేతులతో నేలను చూస్తూ నడుస్తారు. ఇరవై ఏళ్లుగా నేను వాళ్లకు ఇచ్చింది నొప్పి బిళ్లలు, రిజిస్టరులో రాసింది "ఒళ్లు నొప్పులు" అన్న రెండు మాటలు. అంతకుమించి నా చేతుల్లో ఏముందని సరిపెట్టుకునేదాన్ని. సరిపెట్టుకున్న ప్రతిసారీ సిగ్గుగానే ఉండేది.

వర్ణిక ఇంటర్ అయ్యాక విద్యార్థుల మార్పిడి పథకం కింద ఫిన్లాండ్ వెళ్లింది. సరస్సు ఒడ్డున లుమిసారి అనే చిన్న ఊరు. వెళ్లిన నెలకే వీడియో కాల్‌లో ఒక వింత చెప్పింది.

"అమ్మా, ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నం క్లాసులుండయి. అందరం ఊరి పనికి పోతం. కొందరు ముసలోళ్ల వాకిట్ల మంచు ఎత్తిపోస్తరు, కొందరు లైబ్రరీల పుస్తకాలు సర్దుతరు."

"పోకపోతే మార్కులు తగ్గిస్తరా?"

"ఏం తగ్గియ్యరు. ఎవ్వరడగరు. అయినా పోతరు."

నేను నవ్వాను. ఇక్కడుండగా తిన్న కంచం తీసి పక్కన పెట్టని పిల్ల అక్కడ ఊరి పని చేస్తోందంటే ఎవరికైనా నవ్వు రాదా!

ఆమె ఎంచుకున్నది వృద్ధాశ్రమం. అక్కడ ఎయ్నో అనే ముసలాయన ఉన్నాడు. అడవిలో చెట్లు కొట్టీ కొట్టీ నడుము పోగొట్టుకున్న మనిషి. ఒక విశ్వవిద్యాలయం ప్రయోగశాలవాళ్లు ఆ ఆశ్రమంలోనే ఈ పట్టీలను పరీక్షిస్తున్నారు. పద్దెనిమిది నిండినవాళ్లు, ఇష్టమైతేనే. జనవరిలో పుట్టినరోజు కాగానే వర్ణిక పేరు ఇచ్చేసింది. నాకు చెప్పలేదు. చెప్తే ఏమంటానో దానికి తెలుసు.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి ఏడ్చింది.

"ఎయ్నో తాత నడుము నొప్పి గంటసేపు నేను పట్టుకున్ననమ్మా. గంటయినంక నాకు పోయింది. ఆయన రెండు రోజులు కర్ర లేకుంట నడిచిండు. అమ్మా, మన అంతమ్మ నాయనమ్మకు రోజూ గిట్లనే ఉంటదా?"

ఇరవై ఏళ్లు ఆమె ఎదురింట్లోనే ఉన్నాను. ఒక్కనాడూ ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

అంతమ్మ మాకు చుట్టం కాదు. భర్త పోయాడు, పిల్లల్లేరు. నేను డ్యూటీకి పోతే మూడో నెల నుంచి వర్ణికను ఎత్తుకుని పెంచింది ఆమే. నేను అత్తా అంటాను, ఆమె నన్ను కోడలి కింద చూస్తుంది. మా ఊళ్లో వరస లేని మనిషే ఉండడు.

వచ్చిన రెండో రోజే వర్ణిక ఆ పట్టీ తీసుకుని ఎదురింటి అరుగు మీద కూర్చుంది. అంతమ్మత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది బిడ్డా ఇది? కుక్క మెడకు కట్టేదాని లెక్కుంది."

"నొప్పంటే ఒంటి కేక నాయనమ్మా. మందేస్తే కొంచెంసేపు నోరు మూస్తది, మళ్ల ఒర్రుతది. ఇంకో మనిషి దాన్ని నిజంగ వింటే మాత్రం, నా మాట చేరిందని ఊకుంటది. ఒక గంట వింటే రెండు రోజులు ఊకుంటది. ఇది కట్టుకుంటే నీ ఒంటి కేక నాకు వినొస్తది. గంతే."

"మనిషే ఎందుకు వినాలె? మిషను వినరాదా?" అన్నాను నేను, అడ్డు పుల్ల వేయడానికే.

"మిషనుతో చేసి చూసిన్రమ్మా. ఒళ్లు మోసపోలేదు."

అంతమ్మత్త పట్టీని వర్ణిక ఒళ్లో పెట్టేసింది. "నా నొప్పి నీకెందుకు బిడ్డా. సక్కగ పెండ్లి జేస్కో" అని లోపలికి పోయింది.

మండలం ఆసుపత్రి డాక్టర్ ఫర్జానా కాగితాలన్నీ రెండుసార్లు చదివింది. ఎనిమిది పట్టీలు ఆరు నెలల ప్రయోగానికి ఇచ్చారు, ప్రతి వారం వివరాలు పంపాలి, బాధ్యత ఉపకేంద్రం నర్సుది. "ఒక్క పిల్లకు ఏమైనా అయినా ఈ పెట్టె వాపస్ పోతది సిస్టర్" అంది. సంతకం పెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నర్సుగా పెట్టాలనిపించింది, తల్లిగా పెన్ను విసిరేయాలనిపించింది. చివరికి వర్ణిక ముఖం చూసి పెట్టాను.

ఇక పిల్లలు కావాలి. బడి వరండాలో ఊళ్లోని కుర్రకారును పోగుచేసింది వర్ణిక. ఇరవై మంది దాకా వచ్చారు, సగం మంది ఫిన్లాండ్ ఫొటోలు చూపిస్తుందని వచ్చినవాళ్లే. అది ఉపన్యాసం ఇవ్వలేదు. ఎయ్నో తాత సంగతి చెప్పి, "ఎవరన్న పట్టుకుని చూస్తరా?" అంది. నాకు ఆ వారం పన్ను నొప్పిగా ఉంది. సరే పొమ్మని ఒక పట్టీ నేను కట్టుకున్నాను. డిగ్రీ చదివే ప్రణీత్ ముందుకొచ్చి రెండోది కట్టుకున్నాడు. నొప్పి ఎంతని అడిగితే ఉన్నమాట చెప్పాను, నాలుగు. నిమిషం గడిచేసరికి నా దవడ తేలికైపోయింది. ప్రణీత్ చెంప పట్టుకుని గంతులేశాడు.

"అమ్మో! సిస్టరత్తా, గింత నొప్పి పెట్టుకుని మాకు సూదులేస్తున్నవా!"

అందరూ పగలబడి నవ్వారు. సాయంత్రానికి ఆరుగురు పేర్లు ఇచ్చారు, వర్ణికతో ఏడుగురు. రుక్సానా అనే అమ్మాయి మాత్రం వెళ్తూ వెళ్తూ ఆగి నన్నడిగింది. "మా దాదీ రోజూ పొద్దుగాల లేసేటప్పుడు ఎందుకు గట్ల మూలుగుతదో తెలుస్తదా ఆంటీ?" తెలుస్తుందన్నాను. సొంతవాళ్ల నొప్పి సొంతవాళ్లు పట్టుకోకూడదని ప్రయోగశాల నియమం, కాబట్టి నీ దాదీది ఇంకొకరు పట్టుకుంటారని కూడా చెప్పాను. ఆ నియమం ఎందుకో కాగితంలో ఉంది. దగ్గరివాళ్లతో రోగులు నిజం చెప్పరట. దాని కింద ప్రశ్న: మీ ఇద్దరి మధ్య రక్తసంబంధం ఉందా?

అంతమ్మత్త, వర్ణికల కాగితం మీద "లేదు" అని టిక్కు పెట్టింది నేనే. అది అబద్ధం కాదు.

అత్తను ఒప్పించడానికి వర్ణిక వారం రోజులు ఆమె గడపలో బైఠాయించింది. ఆ పోరు పడలేక అత్త, "ఒక్కపాలి వస్త, మళ్ల అడగొద్దు" అని ఒప్పుకుంది. ఆదివారం పొద్దున్న పదింటికి ఉపకేంద్రంలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మిగతా పిల్లలు కిటికీ దగ్గర నిలబడ్డారు.

"నాయనమ్మా, సున్నా అంటే నొప్పే లేదు. పది అంటే ఇంక ఓర్చుకోలేనని. ఇప్పుడు నీకెంతుంది?"

"ఏముంటది బిడ్డా. వస్తది, పోతది."

"అంకె చెప్పాలె."

అత్త వర్ణిక ముఖంలోకి చాలాసేపు చూసింది. "రెండనుకో" అంది.

నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నా చెవులతో విన్నాను. పెద్దవాళ్లు అలాగే అంటారులే అనుకుని ఎప్పటిలాగే ఊరుకున్నాను. పట్టీ మీద రెండు అని నొక్కింది నా వేలే.

ఆ పట్టీ పని చేసే తీరు ఇక్కడ చెప్పాలి. ఒకరి నరాలు ఇంకొకరి నరాల్లా ఉండవు కాబట్టి, ఎంత సంకేతానికి ఎంత బాధో మిషనుకు తెలియదు. మనిషి చెప్పిన అంకే దానికి కొలత. ఎనిమిది అంటే చెరువు తూమును బెత్తెడు ఎత్తి కొంచెం కొంచెంగా వదులుతుంది. రెండంటే, ఉన్నదే గుక్కెడు కదా అని తూము మొత్తం ఎత్తేస్తుంది.

ఎత్తేసింది. వర్ణిక అరవలేదు. అరవడానికి దానికి ఊపిరి అందలేదు. నా కళ్లముందే దాని మోచేతులు ముడుచుకున్నాయి, మెడ బిగుసుకుంది, వేళ్లు కొక్కేల్లా వంగిపోయాయి. పద్దెనిమిదేళ్ల నా బిడ్డ అచ్చం అంతమ్మత్తలా తయారైంది. అదే నిమిషంలో అటుపక్క అత్త చేయి చాచింది. మోచేయి తెరుచుకుంది. ఆశ్చర్యపోతూ ఆ చేతిని పైకెత్తి, తల వెనక్కి పోనిచ్చి, సొంత జుట్టును తడుముకుంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఎదురుగా చూసింది.

"తియ్యి! తియ్యే సరితా! పోరి సచ్చిపోతది!"

నేను రెండు పట్టీలూ పీకేసేసరికి వర్ణిక స్టూలు మీద నుంచి జారి నేల మీద పడింది. మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా కాలేదు.

అది మూడు రోజులు మంచం దిగలేదు. నొప్పి చాలావరకు పోయింది గానీ కుడిచేతి చివరి రెండు వేళ్లూ ముడుచుకునే ఉండిపోయాయి. కదిపితే సలుపు. ఎముకకు ఏమీ కాలేదని, ఒళ్లు ఆ రెండు నిమిషాలనూ గుర్తు పెట్టుకుందని, ఎప్పటికి మరుస్తుందో చెప్పలేనని డాక్టర్ ఫర్జానా అంది. బోర్లు వేసే లారీ మీద ఒడిశాలో ఉన్న మా ఆయన ఫోన్లో నన్ను తిట్టిన తిట్లు లారీ ఇంజను చప్పుడులో కూడా స్పష్టంగా వినిపించాయి. తప్పు నాదే కాబట్టి అన్నీ విన్నాను. ఆ ఆరుగురిలో నలుగురి తల్లులు ఉపకేంద్రానికి వచ్చి పేర్లు కొట్టేయించారు. ప్రణీత్, రుక్సానా ఇద్దరే మిగిలారు. ప్రయోగశాల నుంచి సందేశం వచ్చింది: ప్రయోగం ఆపండి, మూడు వారాల్లో లోపం ఎక్కడుందో తేలకపోతే పెట్టె తిరిగి పంపండి.

వర్ణికకు వేళ్ల గురించి దిగులు లేదు. "నాయనమ్మ చెయ్యి ఎత్తింది చూసినవా అమ్మా? పెట్టె వాపస్ పోతే ఆ చెయ్యి మళ్ల లేవది" అని అదే పాట. నాకు దుఃఖం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలుసు. ఆదివారం నుంచి అంతమ్మత్త తలుపు తీయలేదు.

నాలుగో రోజు పొద్దున్న నేనే వెళ్లి తలుపు కొట్టాను. ముసల్దాన్ని కడిగి పారేయాలనే వెళ్లాను. తలుపు తీసింది. నోరు తెరవబోతూ ఆ ఇంటిని మొదటిసారి నర్సు కళ్లతో చూశాను. నీళ్ల బిందె నేల మీద లేదు, నడుమెత్తు గోడ మీద ఉంది. తలుపు గడియకు చీరె పేలిక కట్టి ఉంది, పళ్లతో పట్టి లాగడానికి. మంచం నాలుగు కోళ్ల కిందా ఇటుకలున్నాయి. గంటె కాడకు గుడ్డ చుట్టి పిడికిలంత లావు చేసింది. రోజూ వచ్చిపోయే ఇల్లే ఇది. ఇన్నేళ్లూ నేను ఏం చూశానో మరి.

"జడ ఏసుకోక ఎన్నేండ్లయింది అత్తా?"

"ఏడేండ్లు."

"కిందికెళ్లి చెంబు తియ్యగలవా?"

"ఎప్పటి మాట సరితా అది. తొమ్మిదేండ్లాయె."

"రాత్రి మంచం మీద పక్కకు తిరుగుతవా?"

ఆమె ఇటుకలెత్తిన మంచం వైపు చూసింది. నేను గడప మీద కూర్చున్నాను.

"మరి రెండని ఎందుకు చెప్పినవు? నా బిడ్డ..."

"నీ బిడ్డ గాదు, నా బిడ్డ" అంది ఆమె. "నా చేతుల మీద పెరిగిన పోరి. గింత నొప్పి నీ మీద ఏస్తున్ననని దాని మొకం చూసి ఎట్ల చెప్పాలె? నువ్వయితే చెప్తవా? తక్కువ చెప్తే తక్కువే పోతదనుకున్న. మంచికే చెప్పిన సరితా. నాకు తెల్వదు అది దానికే ఎదురొస్తదని." చీరె కొంగు కళ్లదాకా చేరలేదు, చేయి పైకి లేవదు కదా. నా కొంగుతో నేనే తుడిచాను. ఇద్దరం కలిసి ఏడ్చాం, అందులో దాచేదేముంది.

ఆ మధ్యాహ్నం నేను, వర్ణిక కలిసి ఫిన్లాండ్ ప్రయోగశాలకు ఫోన్ కలిపాం, ప్రణీత్ కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. పట్టీలు తయారుచేసిన డాక్టర్ కైసా తెర మీదికి వచ్చింది. నా మాటలు వర్ణిక ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. లోపం మిషనులో లేదని, మనిషి కావాలనే తక్కువ చెప్పిందని చెప్పాను. ఎందుకు తక్కువ చెప్పింది అని ఆమె అడిగింది. ప్రేమకొద్దీ అన్నాను. ఆమె కాగితాలు తిరగేసింది. "రక్తసంబంధం లేదని రాశారు కదా?"

"లేదు."

"మరి వర్ణిక ఆవిడను ఏమని పిలుస్తుంది?"

"నాయనమ్మ అని."

"మీ ఊళ్లో ఆవిడను అలా పిలిచేవాళ్లు ఎంతమంది?"

నేనూ వర్ణికా ముఖముఖాలు చూసుకున్నాం. "నల్లా పిల్లలందరూ" అన్నాను.

డాక్టర్ కైసా తల పట్టుకుంది. కొంచెంసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. మా దగ్గర పక్కింటాయన పేరు కూడా చాలామందికి తెలియదు, ఒక ఊరంతా ఒకే కుటుంబంలా ఉంటుందన్న సంగతి మా ప్రశ్నల్లో లేదు అంది. అప్పుడు నేను నా రిజిస్టరు తెరిచి, అంతమ్మత్త ఇంట్లో చూసి వచ్చి రాసుకున్నది చదివాను. నొప్పి ఎంత అని అడగొద్దు, ఏ పని ఎప్పటి నుంచి మానేసిందో అడగాలి. జడ, చెంబు, గడియ, గంటె, పక్క తిరగడం. ఈ లెక్క ప్రకారం అంతమ్మత్తది తొమ్మిది, ఒకవేళ పది. కైసా అంతా రాసుకుంది. పది రోజుల్లో పట్టీల లోపలి పద్ధతి మారుస్తానంది. పనుల లెక్క, మనిషి నోటి మాట రెండూ కలిస్తేనే ఇకపై తూము తెరుచుకుంటుంది. కలవకపోతే ఒక్క బొట్టు కూడా దాటదు. మూడు వారాల గడువు మాత్రం మారదు, ఆలోగా కొత్త పద్ధతి పని చేస్తుందని చూపించాలి అంది.

"తొమ్మిదిని ఒక్కరు పట్టుకోవడం మాత్రం కుదరదు. అది నేను ఒప్పుకోను" అంది.

వెనక కూర్చున్న ప్రణీత్ లేచాడు. "ఒక్కరే ఎందుకు మేడం? నాట్లప్పుడు ఒకరి పొలానికి పది మంది పోతరు గద. తలా ఒక సాలు. మాది అయినంక వాళ్లదానికి మేం పోతం. మా తాతోళ్లు బదులు అంటరు దాన్ని. నొప్పి గూడ తలా కొంచెం పట్టుకుంటే అయితది గద?" వర్ణిక అనువాదం చేసింది. ఒకరి పట్టీకి నాలుగైదు పట్టీలు కలపమని ఇంతవరకు తమను ఎవరూ అడగలేదని, చేయడం కష్టమేమీ కాదని కైసా అంది.

రుక్సానా ఇంటింటికీ వెళ్లి, పేరు కొట్టేయించిన తల్లుల ముందు కూర్చుని మొత్తం చెప్పింది. తలా రెండుకు మించి రాదని ఒట్టేసింది. ముగ్గురు తిరిగొచ్చారు. పట్టీలకు కొత్త పద్ధతి కూడా వచ్చేసింది. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. అంతమ్మత్త రానంది.

"బదులంటే నేను గూడ పోవాలె గద మీ చేన్లకు" అంది వర్ణికతో. "నేను మీకేం చెయ్యగల? ఉట్టిగ తీసుకునుడు నాతోని కాదు బిడ్డా. ఒకసారి తీసుకున్న, ఏమైందో చూసిన." ఆమె మంచం మీద అటు తిరిగి పడుకోవాలనుకుంది గానీ తిరగలేకపోయింది. మిగతా ముసలివాళ్లు కూడా ఆమె రాకపోతే మేమూ రాము అన్నారు. చెప్పిన గడువులో ఇక నాలుగు రోజులే ఉన్నాయి. వర్ణిక పెట్టెకు అట్ట చుట్టడం మొదలుపెట్టింది.

మంగళవారం బీపీ బిళ్లల రోజు. ఉపకేంద్రం బల్ల మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. ప్రణీత్, రుక్సానా వరస సరిచేస్తున్నారు. వర్ణిక పేర్లు రాస్తోంది. కుడిచేతి వేళ్లు ముడుచుకుని ఉండటంతో పెన్ను రెండుసార్లు జారి కింద పడింది. మూడోసారి పడినప్పుడు దాన్ని కాలితో ఆపింది అంతమ్మత్త. బిళ్లల కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది, మేమెవరమూ చూడలేదు.

"చెయ్యి ఏమైంది?"

"ఏం కాలే నాయనమ్మా."

అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె మెల్లగా వచ్చి వర్ణిక ఎదురుగా స్టూలు మీద కూర్చుంది, కూర్చోవడానికి చాలాసేపే పట్టింది.

"ఆ పట్టీలు తే సరితా. దీని చెయ్యి నొప్పి నాకు ఎయ్యి."

"వద్దు నాయనమ్మా! నీకున్నది చాలదా?"

"నువ్వు నోరు మూస్కో. పట్టుడు నాకొచ్చినంత ఈ ఊర్ల ఎవ్వరికొచ్చు?"

నేను డాక్టర్ ఫర్జానాకు ఫోన్ చేశాను. ఆమె వివరమంతా విని, "పట్టీ ఒప్పుకుంటే కానియ్ సిస్టర్" అంది. అట్ట విప్పి రెండు పట్టీలు తీశాను. కొత్త పద్ధతి ప్రకారం ముందు పనుల సంగతి అడిగాను. పెన్ను పట్టుకోగలవా? గుండీ పెట్టుకోగలవా? దువ్వెన? వర్ణిక ఒక్కోదానికి తల అడ్డంగా ఊపుతూ పోయింది. తర్వాత అంకె అడిగాను. అది అంతమ్మత్త ముఖంలోకి చూసింది.

"రెండు" అంది.

పట్టీ మీద ఎర్ర దీపం వెలిగింది. తూము తెరుచుకోలేదు. అంతమ్మత్త వర్ణికను కళ్లార్పకుండా చూస్తోంది. మొదట కోపం వచ్చింది ఆమె ముఖంలోకి. తర్వాత కోపం పోయింది. ఆ ఆదివారం తను ఏం చేసిందో ఇప్పుడు ఎదుటి మనిషి ముఖంలో కనబడుతోంది ఆమెకు.

"ఎవ్వలకు చెప్తున్నవే రెండని?" అంది మెల్లగా. "నాకా? సరిగ చెప్పు బిడ్డా. నేను పట్టుకోలేననుకున్నవా?"

వర్ణిక తన వేళ్ల వైపు చూసుకుంది. "ఐదు" అంది. అనగానే పసిపిల్లలా భోరుమంది. ఇరవై రోజులుగా నాతో ఒక్కసారి కూడా ఆ అంకె చెప్పలేదు నా కూతురు.

"గది! ఐదు రాయి సరితా."

దీపం పచ్చగా మారింది. అంతమ్మత్త భుజం ఒకసారి కదిలింది. కళ్లు మూసుకుని, ఎవరో చెప్పుకునే కష్టం వింటున్నట్టు తల ఆడిస్తూ కూర్చుంది. "ఆ... ఉంది. చిటికెన వేలి కాడ సలుపుతుంది, ముంజేతి దాక గుంజుతుంది. విన్న. విన్న బిడ్డా" అంది. గంట సేపు కూర్చుంది. బిళ్లల కోసం వచ్చినవాళ్లు బిళ్లలు తీసుకున్నాక కూడా ఇంటికి పోలేదు. గంట చివర వర్ణిక చేయి ముందుకు చాచి చూసుకుంది. చిటికెన వేలు పూర్తిగా తెరుచుకుంది, దాని పక్కది సగం. ఆ సగం తర్వాత కూడా సగంగానే ఉండిపోయింది, ఇప్పటికీ అంతే. కానీ ఆ రోజు వర్ణిక కింది నుంచి పెన్ను తీసి, జారకుండా పట్టుకుంది.

అంతమ్మత్త పట్టీ విప్పలేదు. కళ్లు తుడుచుకోవడానికి నా వైపు ముఖం తిప్పింది, తుడిచాను. అప్పుడు ప్రణీత్‌ను, రుక్సానాను, వర్ణికను ఒక్కొక్కరినే చూసింది.

"ఎంత మంది ఉన్నరు మీరు?"

"వర్ణిక గాక ఐదుగురం నాయనమ్మా" అన్నాడు ప్రణీత్. "తక్కినోళ్లను పిలిస్తే ఇప్పుడే వస్తరు."

"పిలువు." ఆమె ఊపిరి గట్టిగా పీల్చుకుంది. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన నలభై ఏళ్లలో, భర్తతో చెప్పలేదు, డాక్టర్లతో చెప్పలేదు, నాతో చెప్పలేదు. అంకె నోటి చివరి దాకా వచ్చి ఆగడం నాకు కనిపించింది. వర్ణిక ఆమె చేయి పట్టుకుంది.

"తొమ్మిది" అంది అంతమ్మత్త. "రాస్కో సరితా. తొమ్మిది."

రాస్తున్నాను. కళ్లనిండా నీళ్లు, అక్షరం వంకరపోయింది. వెనక బల్ల మీద నుంచి రుక్సానా దాదీ గొంతు సవరించుకుంది.

"నాది ఏడు" అంది.

"నాది ఎనిమిది సిస్టర్. మోకాళ్లు ఏడు, నడుము ఎనిమిది" అంది ఆమె పక్కావిడ.

"ఓర్చుకుంటున్న గని, నాది గూడ ఎనిమిదే" అంది ఇంకొకామె. ఒకరి మాట మీద ఇంకొకరు చెప్పడం మొదలుపెట్టారు.

"ఆగుర్రి, ఒక్కొక్కరు చెప్పుర్రి" అన్నాను. రిజిస్టరులో కొత్త పేజీ తిప్పాను. వర్ణిక పెన్ను తీసుకుని నా పక్కన వచ్చి కూర్చుంది.